తప్పులు ఏరుకుంటూ జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

జగిత్యాల వెళ్తున్నానని చెబితే కాకినాడలో మా వీధివాళ్లు అడిగిన మొదటి మాట, "మామిడిపళ్ల కాలం కాదు కదండీ, ఇప్పుడెందుకూ?" అని. తప్పులు ఏరుకోవడానికి అన్నాను. వేళాకోళం అనుకున్నారు గానీ ఉన్న మాటే చెప్పాను. ఇరవై రెండేళ్లుగా పాలిటెక్నిక్‌లో ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏ తప్పులు చేస్తారు, ఎందుకు చేస్తారు అన్నదాని మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. మా గోదావరి జిల్లాల పిల్లల తప్పులతో రెండు నోటుపుస్తకాలు నిండాయి. ఒక్క ప్రాంతపు తప్పులు చూసి లోకంలోని తప్పులన్నీ తెలిసిపోయాయనుకుంటే అదే పెద్ద తప్పు అవుతుందని, ఫిబ్రవరి చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి ఉత్తర తెలంగాణ బస్సెక్కాను.

మల్యాల ఆమె పెట్టిన సర్వపిండి

కరీంనగర్‌లో ఎక్కిన బస్సు నిండా కొండగట్టు అంజన్న భక్తులే. నా పక్కన కూర్చున్నామెది మల్యాల. అరవై దాటి ఉంటాయి. కూర్చున్న రెండు నిమిషాలకే నా వివరాలన్నీ లాగేసింది. మా వైపు ముందు ఊరు అడిగి, తర్వాత ఇంటిపేరు అడిగి, ఆ తర్వాత అసలు సంగతికి వస్తారు. ఈమెకు అంత ఓపిక లేదు.

"ఏడికి పోతున్నవమ్మా? ఏం పని మీద?"

కంప్యూటర్ నేర్చుకునే పిల్లలు చేసే తప్పులు చూడటానికి అన్నాను.

"తప్పులు జేసెటోళ్లను సూడనీకి గంత దూరం కెల్లి వచ్చినవా? మా ఊర్లనే దిగరాదు, మస్తు మంది ఉన్నరు."

ముందు సీటువాళ్లు కూడా నవ్వారు. ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీసి సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడ వేసి గిన్నెకు అంటించి కాలుస్తారు. మా తపాలా చెక్కకు అక్కలాంటిది, కాస్త మొండిది. జగిత్యాల బస్టాండు ఎదురుగా ఇలాంటిదే ముక్క ఇరవై రూపాయలకు కొన్నాను గానీ ఆ రుచి రాలేదు. దిగేటప్పుడు ఆమె "పైలం బిడ్డా" అంది. జాగ్రత్త అని అర్థం. యాభై దాటిన నన్ను బిడ్డా అని పిలిచినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు.

జగిత్యాలలో ఒక సున్నా

నేను వెళ్లింది ఒక డిగ్రీ కాలేజీకి. అక్కడ కంప్యూటర్ పాఠాలు చెప్పే సుధాకర్ రావు ముప్పై అయిదేళ్ల మనిషి. తాతల కాలంలో వాళ్లది ఊరంతటికీ దొరల ఇల్లట. ఈయన మాత్రం పాడైన మౌస్‌లను తానే విప్పి బాగుచేసుకుంటూ, అరవై మంది పిల్లలను ఇరవై కంప్యూటర్ల మీద నెట్టుకొస్తున్నాడు. నన్ను చూడగానే బల్ల సొరుగులోంచి ఒక పుస్తకం తీశాడు. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్ల కోసం నేను తెలుగులో రాసిన చిన్న పుస్తకం అది. అట్టలు అరిగిపోయి ఉన్నాయి.

"మేడం, మీ పుస్తకమే చెప్తున్న. ఒక్క అక్షరం మార్చలే. మీరు రాసింది రాసినట్టు చదివి వినిపిస్త."

రాసినవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ఆ సాయంత్రం దాకా నేల మీద నడవలేదు నేను.

గురువారం మధ్యాహ్నం పిల్లలకు కాగితాలు పంచాను. పది చిన్న ప్రశ్నలు. ప్రతి దానిలో మూడు నాలుగు వరుసల ప్రోగ్రాం ఉంటుంది, చివరికి ఏ పేరులో ఏ విలువ ఉందో రాయాలి. మొదటిది ఇలా ఉంటుంది: ఎ లో 5 ఉంది. బి లో 8 ఉంది. తర్వాతి వరుసలో "ఎ = బి" అని ఉంది. ఇప్పుడు ఎ ఎంత, బి ఎంత? కంప్యూటర్ బి లోని 8ని చూసి ఎ లో కూడా 8 రాసుకుంటుంది. కాబట్టి రెండూ ఎనిమిదే. లెక్కల్లో సమానం గుర్తుకు అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడ రకరకాలుగా తడబడతారు. ఆ తడబాట్లే నాకు కావాలి.

ఆ సాయంత్రం లాడ్జిలో కూర్చుని కాగితాలు దిద్దాను. పరిశోధనకు మార్కులు అక్కర్లేదు. ఏం రాశారో చూసుకుంటే చాలు. కానీ ఇరవై రెండేళ్ల చేతి అలవాటు ఊరుకోదు కదా. ఎర్ర పెన్ను తీసి పైన మార్కులు వేసేశాను. ఏడు, ఆరు, ఎనిమిది, అయిదు. ఒక్క కాగితం మీద మాత్రం సున్నా వేయాల్సి వచ్చింది. పేరు లావణ్య. దస్తూరి ముత్యాల్లా ఉంది. పదీ తప్పే.

శుక్రవారం పొద్దున్న కాగితాలు తిరిగి పంచాను. మూడో బెంచీ చివర ఒక అమ్మాయి తన కాగితం చూసుకుంది. పక్కమ్మాయి చూడకుండా చేత్తో కప్పింది. కాసేపటికి లేచి, కాగితం బల్ల మీదే వదిలేసి బయటకు వెళ్లింది. నీళ్లు తాగడానికేమో అనుకున్నాను. మధ్యాహ్నం సుధాకర్ రావు ఆఫీసుగది వైపు నుంచి వాడిపోయిన ముఖంతో వచ్చాడు.

"లావణ్య టీసీ అడుగుతున్నది మేడం. కంప్యూటర్ గ్రూప్ నా తోని కాదు, వేరే కాలేజీల వేరే గ్రూప్ తీసుకుంట అంటున్నది. రెండు నెలల నుంచే గట్ల అనుకుంటున్నదట. ఇయ్యాల ఖాయం జేస్కున్నది."

నా సున్నా ఖాయం చేసింది అని ఆయన అనలేదు. అనక్కర్లేదు కూడా. అప్పటికే అమ్మాయి ఊరి బస్సెక్కి వెళ్లిపోయింది. కాగితాలన్నీ పోగుచేసి సంచిలో పెట్టుకుని నేను కోరుట్ల బస్సెక్కాను. మధ్యాహ్నం ఏమీ తినలేదని కోరుట్ల సగం దారిలో గానీ గుర్తు రాలేదు.

కోరుట్ల దారిలో పదికి పది

బస్సు కిటికీ పక్కన మక్కచేలు (మా మొక్కజొన్నే), మధ్యలో పసుపు తవ్విన మళ్లు. నా ఒళ్లో లావణ్య కాగితం. కుదుపులకు అక్షరాలు ఊగుతున్నాయి. మొదటి ప్రశ్నకు ఆమె రాసిన జవాబు: ఎ 8, బి ఖాళీ. రెండో దానిలో కూడా ఒక చోట ఖాళీ. ఎ, బి కలిపి సి లో వేస్తే, సి 13 అని సరిగ్గానే రాసి, ఎ ఖాళీ, బి ఖాళీ అంది. పది జవాబుల్లోనూ ఎక్కడో ఒక చోట ఆ మాట ఉంది.

ముందు రోజు దిద్దినప్పుడు ఆ మాటను తప్పుగా చూశాను. ఇప్పుడు అదేమిటో చూద్దామనుకున్నాను. ఒక పేరులోని విలువను ఇంకో పేరుకు ఇస్తే మొదటిది ఖాళీ అయిపోతుంది అని అనుకుందాం. ఆ ఒక్క నమ్మకంతో పది ప్రశ్నలూ నేనే మళ్లీ చేశాను. ఎక్కడా ఒక్క అంకె తేడా రాలేదు. ఆమె లెక్క ప్రకారం లావణ్యకు పదికి పది. తరగతిలో అంత క్రమంగా ఆలోచించినవాళ్లు ఇంకెవరూ లేరు.

మరి ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది? సంచిలో ఉన్న నా పుస్తకం తీసి మొదటి పాఠం తెరిచాను. రెండు రేకు డబ్బాల బొమ్మ. కింద నా వాక్యం: "ఒక డబ్బాలోని విలువను తీసి ఇంకో డబ్బాలో వేస్తాం." డబ్బాలోంచి తీస్తే డబ్బా ఖాళీ కాక ఏమవుతుంది? ఆ అమ్మాయి నేను రాసిన మాటను నాకంటే శ్రద్ధగా చదివింది. ఆ శ్రద్ధకే నేను సున్నా వేశాను.

మిగతా కాగితాలూ తిరగేశాను. ఇంకో నలుగురు అక్కడక్కడా ఖాళీ అని రాసి కొట్టేశారు. ధైర్యంగా ఉంచింది ఆమె ఒక్కతే.

రఫియా గదిలో కొలతల చిట్టీ

కోరుట్లలో నేను దిగిన ఇల్లు, సుధాకర్ రావు ముందే ఫోన్ చేసి చెప్పిన రఫియాది. ఆమె భర్త కింద టైలర్ షాపు నడుపుతాడు. మేడ మీది గదిలో రఫియా ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పుతుంది. నాలుగు కంప్యూటర్లు, పదకొండు మంది శిష్యురాళ్లు. ఇంట్లో ఉర్దూ, మేడ మీద తెలుగు. మెట్ల మధ్యలో ఎవరైనా ఎదురైతే రెండూ. మా ఇంట్లో అతిథి వస్తే కాఫీనా, టీనా అని అడుగుతాం. ఇక్కడ అడగడం లేదు, చాయ్ వచ్చేస్తుంది. దాని వెనకే బగారా అన్నం, దాల్చా వచ్చాయి. ఆకలి అప్పుడు తెలిసింది నాకు.

తిన్నాక లావణ్య కాగితం చూపించాను. రఫియా రెండు జవాబులు చదివి నవ్వేసింది.

"అరె, గిది నా దగ్గర గూడ అయ్యింది మేడం. నేను గూడ డబ్బా అనే చెప్పిన. ఒకామె లేచి, డబ్బాల నుంచి తీస్తే డబ్బ ఖాళీ కాదా అని అడిగింది. నాకు జవాబు రాలే. రెండు రోజులు సోంచాయించిన."

"ఆలోచించాక?"

రఫియా కిందికి వెళ్లి భర్త షాపులోంచి రెండు చిట్టీలు తెచ్చింది. ఒకదాని మీద ఎవరిదో నడుము కొలత, ఇంకోదాని మీద వేరే కొలత ఉంది.

"మా ఆయన గీ చిట్టీ జూసి, గా చిట్టీల రాసుకుంటడు. రాసేముందు దాంట్ల ఉన్న పాత నంబరు కొట్టేస్తడు. మరి జూసిన చిట్టీల నంబరు ఏమన్న పోతదా? పోదు. రాసుకున్న దాంట్ల పాతది పోయింది, అంతే. గప్పటి సంది డబ్బ ముచ్చటే ఎత్తలే నేను."

ఇరవై రెండేళ్ల పాఠాల్లో, మూడేళ్ల పరిశోధనలో నాకు దొరకని మాట రెండు చిట్టీల్లో దొరికింది. ఇది మీకెవరు నేర్పారు అని అడిగాను.

"ఎవలు నేర్పుతరు మేడం? తప్పు జేసినామెనే నేర్పింది."

ఇబ్రహీంపట్నంలో పసుపు ఆరేసిన వాకిలి

లావణ్యది ఇబ్రహీంపట్నం. శనివారం పొద్దున్నే సుధాకర్ రావుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆయన తానే వాళ్లమ్మకు ఫోన్ చేసి నేను వస్తున్నానని చెప్పాడు. మాకు ఇబ్రహీంపట్నం అంటే విజయవాడ పక్కది. హైదరాబాదు వాళ్లకు ఇంకోటుంది. కండక్టరుకు నా యాస వినగానే అనుమానం వచ్చి, "మెట్‌పల్లి అవతలి ఇబ్రహీంపట్నమేనా మేడం?" అని రెండుసార్లు అడిగి టిక్కెట్టు కొట్టాడు. అయినా నేను ఒక స్టేజీ ముందే దిగిపోయి, కిలోమీటరు నడిచాను.

ఊరంతా పచ్చి పసుపు ఉడికిన వాసన. మా వైపు పసుపంటే పొట్లంలో వచ్చే పొడి. ఇక్కడ వాకిళ్ల నిండా ఆరేసిన కొమ్ములు, వాటి మధ్య నడవడానికి జానెడు దారి. లావణ్య తల్లి లక్ష్మి పారతో కొమ్ములు తిరగేస్తోంది. మోచేతుల దాకా పసుపే. భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. పొలం, ఇల్లు ఈమే చూసుకుంటుంది. నన్ను చూసి పార పక్కన పెట్టింది.

"ఏం మేడం, పిల్ల తప్పులు రాసిందని ఇంటిదాక వచ్చినరా?"

"లేదమ్మా, తప్పు నాదని చెప్పడానికి వచ్చాను."

లోపలి నుంచి లావణ్య గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నేను మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచి డబ్బాల బొమ్మ చూపించాను. పక్కన ఆమె కాగితం పెట్టాను. ఈ వాక్యం నమ్మి నువ్వు ఇలా రాశావు కదా అన్నాను. తల ఊపింది.

"మరి గట్లనే ఉన్నది గదా మేడం పుస్తకంల."

"గట్లనే ఉంది. నేనే రాశాను. అది సరైన మాట కాదు. నీ జవాబులన్నీ ఆ మాట ప్రకారం సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు."

"సున్నా ఏసినరు గదా."

"వేశాను. చూడకుండా వేశాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. "నాకు బుర్ర లేదనుకున్న మేడం. అందరికి అర్థమైతున్నది, నాకే ఎందుకు గిట్ల అయితున్నదని రెండు నెలల సంది ఒక్కదాన్నే ఏడుస్తున్న."

క్షమించమన్నాను. పద్దెనిమిదేళ్ల పిల్లను క్షమించమని అడగడం నాకు అదే మొదటిసారి. ఆమె కంగారుపడి "అయ్యో, అట్ల అనకుర్రి" అంది. రఫియా ఇచ్చిన రెండు చిట్టీలు తీసి ఆమె ముందు పెట్టాను. సగం చెప్పేసరికే ఆపింది.

"అంటే తీసుడు కాదు, జూసి రాసుకునుడు. గంతేనా?"

అంతే. కాగితం వెనక్కి తిప్పి, మంచం పట్టె మీద పెట్టుకుని పది ప్రశ్నలూ మళ్లీ చేసింది. తొమ్మిది సరిగ్గా వచ్చాయి. పదోదానిలో కూడిక తప్పింది. అది ఎవరైనా చేసే తప్పే. ఈసారి నేను ఎర్ర పెన్ను బయటకు తీయలేదు.

"టీసీ అడిగిన గదా మేడం. ఇప్పుడు మళ్ల ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

లక్ష్మి పార తీసుకుంటూ అంది: "గీ మొకం తోనే పో. ఇంకోటి యాడ కెల్లి తెస్తవు?"

తల్లీకూతుళ్లు ఇద్దరూ నవ్వారు. నాకు సంకటిలాంటి మక్క గట్క, పచ్చి పులుసు పెట్టారు. పసుపు కొమ్ములు మూటకట్టి సంచిలో కూరారు. ఇక్కడి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సోమవారం లావణ్య కాలేజీకి వెళ్లింది. సుధాకర్ రావు టీసీ కోసం రాసిచ్చిన కాగితం ఆమె చేతికే తిరిగిచ్చాడు. పుస్తకంలో తప్పుందని తరగతిలో తానే చెప్పి, చిట్టీల పాఠం లావణ్యతో చెప్పించాడు. ఖాళీ అని రాసి కొట్టేసిన నలుగురూ అప్పుడు నోరు తెరిచారట. ఆమె ఇంకా వెనకబడే ఉంది, రెండు నెలల పాఠాలు అందుకోవాలి. కానీ ఇప్పుడు లేచి అడుగుతోందట.

సిరిసిల్లలో సున్నా నంబరు చీర

ఆదివారం రఫియాతో కలిసి వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లాను. సిరిసిల్ల ఆమె తల్లిగారిల్లు. పుట్టిల్లు అన్న మాట ఇక్కడ వినపడదు. నెలకు రెండు ఆదివారాలు అక్కడి ఆడవాళ్లకు పాఠం చెప్పి వస్తుంది. ఊళ్లో అడుగుపెట్టగానే మరమగ్గాల చప్పుడు. వాటిని సాంచాలు అంటారు. మొదటి పది నిమిషాలు చెవులు గడియలు పడ్డాయి. తర్వాత చప్పుడు ఆగిన వీధిలోకి వెళ్తే ఏదో తక్కువైనట్టు అనిపించింది.

ఒక చిన్న హాల్లో ఏడుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో పద్మకు నలభై రెండేళ్లు. పదిహేనేళ్ల వయసు నుంచి మగ్గాలకు దారం కండెలు చుడుతోంది. వాళ్ల సంఘానికి ఒక కంప్యూటర్ వచ్చిందట, కవరు కూడా తీయకుండా మూల పెట్టారట. "ఎవలో ఒకలు ముట్టుకోవాలె గదా, నేనే ముట్టుకుంట అన్న" అని చెప్పింది. చీరల కట్టలకు అంటించడానికి ఒకటి నుంచి పది దాకా నంబర్లు ముద్రించాలి. అదే ఆమె మొదటి సొంత ప్రోగ్రాం. రెండే రెండు వరుసలు.

నడిపించింది. సున్నా నుంచి తొమ్మిది దాకా వచ్చాయి.

"సున్నా నంబరు చీర ఎవలు కడతరు?" అంది పద్మ. హాలంతా నవ్వు.

కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఇది అన్నిటికంటే పాతది. ఏమీ చెప్పకపోతే కంప్యూటర్ సున్నా దగ్గర మొదలుపెడుతుంది, చివరగా చెప్పిన అంకెకు ముందే ఆగిపోతుంది. నా చెయ్యి దానంతటదే కీబోర్డు వైపు వెళ్లింది. రఫియా నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆగుర్రి మేడం. ఆమెనే చూస్తది."

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాఠాలు చెప్పేవాళ్లకు ఇంతకంటే కష్టమైన పని లేదు. పద్మ తెర వైపు చూసింది. ఒకటి దగ్గర మొదలుపెట్టమని మార్చింది. ఈసారి ఒకటి నుంచి తొమ్మిది వచ్చాయి.

"ఇప్పుడు పదోది యాడ పోయింది?"

పక్క వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. పద్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. పదిని పన్నెండు చేసి నడిపింది. పదకొండు దాకా వచ్చాయి. నాలుక కొనను పళ్ల మధ్య పెట్టుకుని కాసేపు అలాగే చూసింది.

"ఓహో. గిది ఆఖరు మెట్టు ఎక్కది. దాని ముంగటనే ఆగుతది. పది కావాలంటే పదకొండు చెప్పాలె."

పదకొండు కొట్టింది. ఒకటి నుంచి పది, వరసగా, ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. పద్మ చప్పట్లు కొట్టలేదు. పమిట సర్దుకుని, పక్కామె వైపు తిరిగి "చూసినవా?" అంది.

నేను నోటుపుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఏం రాస్తున్నారని అడిగింది. మీరు ఏ తప్పు చేశారో రాసుకుంటున్నాను, పేరు మాత్రం రాయను, తప్పు చేసినవాళ్ల పేరు బయటపెట్టకూడదని మా పరిశోధనలో నియమం అన్నాను.

"గా నియమం సిగ్గుపడెటోళ్లకు మేడం. నేను జేసిన, నేనే దిద్దిన. పద్మ అని రాయుర్రి."

రాశాను. ఆమె లేచి నా పక్కకు వచ్చి, పేజీ మీదికి వంగి చదివింది.

"తప్పు జేసింది అని రాసినరు. దిద్దింది అని యాడున్నది?"

ఎక్కడా లేదు. మూడేళ్లుగా నేను నింపిన పుస్తకాల్లో తప్పుకు ఒక నిలువు వరుస ఉంది, కారణానికి ఒక వరుస ఉంది. దిద్దుకున్నవాళ్ల కోసం వరుస గీయాలని నాకు తోచలేదు. రఫియా దగ్గర స్కేలు అడిగి తీసుకుని, పేజీ కుడివైపున కొత్త గీత గీశాను. పైన "దిద్దినవారు" అని రాసి, కింద పద్మ పేరు రాశాను.

"ఇగ మంచిగున్నది" అని పద్మ తన కుర్చీలోకి వెళ్లి, వంద దాకా నంబర్లు తెప్పించే పనిలో పడింది.